పోగొట్టుకొన్నచోట వెదకుట

అంతరిక్షయానమును కథావస్తువుగా గ్రహించి తెలుగున వెలువడిన చలనచిత్రములు అరుదు. 2018 డిసెంబరు 21న విడుదలైన ‘అంతరిక్షం 9000 కెఎంపిహెచ్’ అట్టివానిలో ఒకటి. దర్శకుడు సంకల్ప్ రెడ్డి, నాయకపాత్రధారి వరుణ్ తేజ్. దారితప్పిన ‘మిహిర’ అను ఉపగ్రహమును సరిదిద్దకున్నచో లోకమంతట సమాచార వ్యవస్థ స్తంభించునను భయముతో, ఉద్యోగము విడిచి దూరముగా బ్రతుకుచున్న దేవ్ అను వ్యోమగామిని మరల పిలిపింతురు. పూర్వము తన చేతిలో విఫలమైన ‘విప్రయాన్’ అను పథకమును మరువలేక లోలోన కుములుచున్నవాడతడు. సహచరులతో పైకి వెళ్ళి మిహిరను చక్కదిద్దువరకు కథ నిర్వివాదము. ఆపై అతడు నౌకను విప్రయాన్ వైపు మళ్ళించినప్పుడే మనకు చింత్యమైన విషయము ఆరంభమగుచున్నది. పంపినవారు అప్పగించిన పని ముగిసినది. మిగిలినది అతని స్వంత గాయము. దానిని మాన్పుకొనుటకు తనతో వచ్చినవారి ప్రాణములను సైతము అతడు ఒడ్డినాడు. చలనచిత్రము గనుక సాహసము ఫలించినది. ఆ కరతాళధ్వనులలో పాలుపంచుకొనుటకు మాత్రము నాకు మనసొప్పలేదు.

పోగొట్టుకొన్నచోటనే వెదకుకొనవలెనని మనలో ఒక నానుడి ఉన్నది. అందులో సత్యము లేకపోలేదు. ఏటిగట్టున జారిన ఉంగరము ఇంటి చూరులో దొరకదు. పరీక్ష తప్పిన విద్యార్థికి, మాట పట్టింపుతో విడిపోయిన అన్నదమ్ములకు ఇది మంచి మాటయే. కాని అదే మాట జూదరి నోట వెలువడినప్పుడు దాని అర్థమే మారిపోవును.

మంగళగిరి పరిసరముల నల్లరేగడి చేలలో పత్తి, మిరప పండించువారికి ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలను ఊడ్చివేసినది. ఆ ఏడు పోయినదానిని ఆ పైరులోనే రాబట్టవలెనని, వడ్డీకి తెచ్చి, మరి రెండెకరములు కౌలుకు కలుపుకొని నాటినవారున్నారు. కొందరికి ధర కలిసివచ్చినది కూడ. 2025లో గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోయినప్పుడు ఆ లెక్కయే మెడకు చుట్టుకొన్నది. ఇది రైతును నిందించుట కాదు. విత్తనము, పురుగుమందు, కౌలు, కూలి అన్నియు తాను ముందుగా చెల్లించి, ధరను మాత్రము చివరకు పరులు నిర్ణయించు వృత్తిలో నిబ్బరముగా యోచించుట ఎంత కష్టమో ఎరుగనిది కాదు. అయినను అడుగవలసినది ఒకటి ఉన్నది. అప్పుపత్రముపై సంతకము ఇంటి యజమానిది. తాకట్టుకు పోయిన నగ ఇల్లాలిది. మధ్యలో ఆగిపోయిన చదువు కూతురిది. పందెములో వారి వంతు ఉన్నప్పుడు వారినెవరైన ఒక మాట అడిగినారా? మన కొండమీది పానకాలస్వామి బిందెడు పానకము పోసినను సగమే స్వీకరించి సగము వెనుకకిచ్చునని మన విశ్వాసము. చేను మాత్రము పోసినదంతయు త్రాగును.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. భారతములో ద్యూతసభ నడుమ ద్రౌపది అడిగించినది దీనినే. ధర్మరాజు ధనమును, రాజ్యమును కోల్పోయినాడు. కోల్పోయినదానిని అదే పలకపై మరల గెలువగోరి నకులుని, సహదేవుని, అర్జునుని, భీముని వరుసగా ఒడ్డి, పిదప తన్ను తాను ఒడ్డుకొని, కడపట ద్రౌపదిని ఒడ్డినాడు. ఆమె ప్రాతికామిని త్రిప్పి పంపి, ఆ జూదరి మొదట ఓడినది తననా, నన్నా యని కనుగొని రమ్మన్నది. భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని చెప్పి తప్పుకొన్నాడేగాని సమాధానము చెప్పలేదు. న్యాయవాదులు దీనిని స్వామ్యమునకు సంబంధించిన చిక్కుగా చదువుదురు. నాకు తోచునది వేరు. నష్టము పైబడిన క్షణమున నాయకునికి తన సహచరులు మనుష్యులుగా కాక, మిగిలియున్న పణముగా కనబడుదురు. ద్రౌపది నిలదీసినది ఆ చూపును.

ఇప్పుడు వాస్తవముగా జరిగిన యాత్రను తలచుకొందము. 1970 ఏప్రిల్ 11న అమెరికా నుండి జేమ్స్ లోవెల్, జాక్ స్విగర్ట్, ఫ్రెడ్ హెయిజ్ అనువారు అపోలో 13లో చంద్రుని వైపు బయలుదేరినారు. సుమారు 56 గంటల పిదప, భూమికి 3 లక్షల కిలోమీటర్లకు పైబడిన దూరమున, ప్రాణవాయువు తొట్టి ఒకటి ప్రేలినది. కారణము విన్న ఆశ్చర్యము కలుగును. తొట్టిలోని వేడిమిని అదుపుచేయు మీటలు 28 వోల్టులకు తగినవి. ప్రయోగకేంద్రములో వానికి 65 వోల్టులు పంపినారు. మీటలు అతుకుకొనిపోయినవి, లోపలి తీగల తొడుగు మాడిపోయినది. ఎవరి కంటను పడని ఆ చిన్న ఏమరుపాటు తొట్టిలో దాగి చంద్రుని దారివరకు ప్రయాణము చేసినది.

ప్రధాననౌకలో విద్యుత్తు, వాయువు తరిగిపోవుచుండగా ముగ్గురును చంద్రునిపై దిగుటకై తెచ్చుకొన్న చిన్ననౌక ‘అక్వేరియస్’లో తలదాచుకొన్నారు. అది ఇద్దరికి రెండు దినములకై నిర్మింపబడినది. ముగ్గురిని నాలుగు దినములు మోయవలసి వచ్చినది. మనిషికి దినమునకు ఒక చిన్న గ్లాసెడు నీరు, 170 మిల్లీలీటర్ల వంతున పంచుకొన్నారు. చలి 3, 4 డిగ్రీలకు దిగి గోడలపై నీటిచుక్కలు పట్టినవి. హెయిజ్ జ్వరపడినాడు. విడిచిన ఊపిరిలోని విషవాయువును పీల్చు డబ్బాలు ఒక నౌకలో చదరములు, రెండవదానిలో గుండ్రనివి. ఒకటి మరియొకదానిలో ఇమడదు. ప్లాస్టిక్ సంచి, అట్టముక్క, గొట్టము, అతుకుపట్టీ, నౌకలో ఉన్న ఈ వస్తువులతోనే భూమిమీది ఇంజనీర్లు ఒక ఉపాయము పన్ని వినిపింపగా, వారు పైన చేతులతో చేసికొన్నారు.

చంద్రుని వెనుకవైపునకు 254 కిలోమీటర్ల దూరములో వారు చుట్టి వచ్చినారు. 1968 డిసెంబరులో అపోలో 8లో ఒకమారు చుట్టివచ్చిన లోవెల్‌కు దిగుటకు లభించిన అవకాశమిది. తక్కిన ఇద్దరు ఛాయాచిత్రములు తీయుటలో మునిగియుండగా, ఇల్లు చేరకున్న వానిని కడిగించు వీలుండదని ఆయన హెచ్చరించినాడట. ఏప్రిల్ 17న పసిఫిక్ సముద్రములో ముగ్గురును క్షేమముగా దిగినారు. పిమ్మట లోవెల్, జెఫ్రీ క్లూగర్‌తో కలిసి 1994లో వెలువరించిన గ్రంథము పేరు ‘లాస్ట్ మూన్’, అనగా పోగొట్టుకొన్న చంద్రుడు. రాన్ హోవర్డ్ 1995లో తీసిన ‘అపోలో 13’ చిత్రమునకు ఆ గ్రంథమే ఆధారము.

చంద్రునిపై దిగుటకు వేరు గతి లేనప్పుడు దానిని విడుచుటలో త్యాగమేమున్నదని చదువరులు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. అయినను, గతి లేని క్షణమే జూదరి పుట్టు క్షణమని మరువరాదు. ధర్మరాజునకు మాత్రము గెలుచు గతి ఎక్కడిది? చేయి ఖాళీయైనకొలది పణము పెరిగినది. లోవెల్ చేసిన పని మనసులోని పనుల జాబితాలో చంద్రుని కొట్టివేసి, ఆ స్థానమున ఇద్దరు మనుష్యులను వ్రాసికొనుట. కొన్ని నిమిషములలో అది జరిగిపోయినది గనుక తేలికగా కనబడును.

అట్లని సాహసమే కూడదనుట కాదు. మన గుంటూరు, ప్రకాశము సీమలలో పుట్టి అమెరికాలో పెరిగిన శిరీష బండ్ల 2021 జులై 11న అంతరిక్షపు అంచువరకు వెళ్ళివచ్చినది. ఆ తరగతి నౌకయే ఒకటి 2014 అక్టోబరులో పరీక్షాయానమున విచ్ఛిన్నమై ఒక చోదకుడు మరణించిన సంగతి ఎరిగియే ఆమె ఎక్కినది. తెలిసి ఎక్కుట వేరు, ఎక్కినవారిని తెలియని దారికి మళ్ళించుట వేరు.

పోగొట్టుకొన్నచోట వెదకుటకు కూడ మన శ్రీహరికోటలో మంచి మార్గము కనబడుచున్నది. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్‌ఎల్‌వి-3 వాహనము బంగాళాఖాతములో కూలినది. పిమ్మట పత్రికలవారి ఎదుట సతీశ్ ధావన్ ఆ వైఫల్యమును తన తలపై వేసికొన్నట్లు, ప్రయోగ నిర్వాహకుడైన అబ్దుల్ కలాం పలుమారులు చెప్పినాడు. 1980 జులై 18న అదే తీరమునుండి రోహిణి ఉపగ్రహము కక్ష్య చేరినది. ఆ దినము పత్రికలవారిని పలుకరించు పని ధావన్ కలాంకు అప్పగించినాడట. నడుమ దాదాపు ఒక సంవత్సరము లోపమును వెదకుటకు సరిపోయినది. వెదకినది అచ్చోటనే, పణముగా మాత్రము ఎవరిని పెట్టలేదు.

ధర్మరాజు కథయు సభాపర్వముతో ముగియదు. మహాప్రస్థానమున ద్రౌపది పడిపోయినది, తమ్ములు పడిపోయినారు. ఇంద్రుడు రథముతో నిలిచి రమ్మన్నాడు. జీవితమంతయు కోరిన స్వర్గము చేతికందు దూరమున ఉన్నది. వెంట ఒక కుక్క ఉన్నది. దానిని విడిచి రానన్నాడు. భార్యను పణము పెట్టినవాడును ఇతడే, కుక్కను విడువనివాడును ఇతడే. ఈ రెండు ఘట్టముల నడుమ పదమూడేండ్ల అరణ్యాజ్ఞాతవాసములు, ఒక మహాయుద్ధము, సుదీర్ఘమైన రాజ్యభారము ఉన్నవి. అంత కాలము పట్టినది.

అపోలో 13 దిగవలసిన చోటు చంద్రునిపై ఫ్రా మౌరో అను ఎగుడుదిగుడు ప్రదేశము. 1971 ఫిబ్రవరి 5న అలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్ అపోలో 14లో వచ్చి అచ్చటనే దిగి, సుమారు 43 కిలోగ్రాముల శిలలను, మట్టిని భూమికి తెచ్చినారు. లోవెల్ మరల అంతరిక్షమునకు వెళ్ళలేదు. 2025 ఆగస్టు 7న, తన 97వ ఏట కన్నుమూసినాడు.