ముందు ఎవరిని చూడవలెను?

ఉప్పలు, నాచారము ప్రాంతములు కార్ఖానాలు విస్తారముగా గల చోట్లు. కార్మికుల కొరకైన ఇ.ఎస్.ఐ. ఆసుపత్రియు నాచారములో ఉన్నది. మన పల్లెలనుండి పనికై వెళ్లిన బిడ్డలు అక్కడ అనేకులు. వారిలో మా సంఘపు యువకుడొకడు యంత్రములో చేయి కోసికొనగా, అతనిని ఆ ప్రాంతపు ఆసుపత్రి ఒకదానికి తీసికొని వెళ్లితిమి.

రక్తము కారుచుండెను, అతడు కేకలు వేయుచుండెను. నర్సమ్మ గాయము చూచి, మందపు గుడ్డనిచ్చి, గట్టిగా అదిమి చేయి పైకెత్తి ఉంచుమని చెప్పి, గోడకానుకొని మౌనముగా కూర్చున్న ముసలమ్మ యొద్దకు వెళ్లెను. మాకు కోపము వచ్చినది. దాచనేల? మేము గొంతు హెచ్చించితిమి. ఆమె ముసలమ్మ నాడి పట్టుకొనియే, "అయ్యగారూ, అరవగలిగినవాడికి ఊపిరి ఆడుతోంది. ఈ అమ్మ ఒక్క మాట పూర్తిగా చెప్పలేకపోతోంది" అనెను. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషమునకు 12 మొదలు 20 సార్లు ఊపిరి తీయుదురట. ఆ ముసలమ్మ కుక్కవలె రొప్పుచుండెను. మేమామెను చూడనే లేదు.

ఇట్లు రోగులను ఏర్పరచుటకు ట్రయాజ్ అని పేరు; ఫ్రెంచి మాట. నెపోలియను సైన్యవైద్యుడు లారే, హోదా చూడక, ఎక్కువ అపాయములో ఉన్నవానికే మొదట చికిత్స చేయవలెనని నియమించెను. అధికారియైనను, సిపాయియైనను ఒక్కటే.

అయితే మార్కు సువార్త 5వ అధ్యాయము మమ్మును కలవరపెట్టినది. యాయీరు కుమార్తె, పండ్రెండేండ్ల పిల్ల, చావ సిద్ధమై యుండెను. పండ్రెండేండ్లుగా రోగియైన స్త్రీ మరియొక దినము ఆగగలదు. ప్రభువు ఆమె కొరకే నిలిచెను. ఇంతలో పిల్ల చనిపోయెను. నర్సమ్మ అట్లు చేసిన తప్పే. చనిపోయినదానిని లేపు శక్తి ఆమెకు లేదు గనుక ఆమె లెక్క వేరు. గాని యాయీరు అధికారి. ఆ స్త్రీ జనములో వెనుకనుండి వచ్చినది. గొప్పవాని తొందర ప్రభువును త్రోయలేదు. ఈ సంగతిలో ఇద్దరి లెక్కయు ఒక్కటేయని మాకు తోచుచున్నది.

మేము రోగులను దర్శించు వరుస యేది? మోతుబరి గారు బండి పంపిన మొదట అక్కడికే పోయెడివారము. పల్లె చివర విధవరాలు మూడు ఆదివారములు ఆరాధనకు రాలేదు; కబురు పంపుటకు ఆమెకు మనిషి లేడు. మొన్న మొదట అక్కడికి వెళ్లితిమి. మేము తిరిగి వచ్చులోపల మోతుబరి గారి పాలేరు రెండుసార్లు వచ్చి పోయెనట.