మధ్యమధ్య ఆగిపోవు స్వరము

ధ్యానభాగములు: హోషేయ 6:4, 1 రాజులు 19:1–8



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో మనవారు అనేకుల యిండ్లలో నేడు ఒక రిసీవరు పెట్టెయు, దానికి రెండు స్పీకర్లును కనబడుచున్నవి. గృహప్రార్థనకు ముందు కీర్తనలు వేయుదురు. ఇరుగుపొరుగువారు విని వత్తురు. మహబూబాబాదు వైపున ఒక పల్లెలో నేనట్టి కూటమునకు వెళ్లగా ఆ యింటి పెద్ద చిన్నబోయి, “అయ్యగారూ, ఈ డబ్బ అరగంట మంచిగనే మోగుతది. తర్వాత నోరు మూస్కుంటది. జెర సేపైనంక మల్ల అదే పాడుతది. దీనికేం రోగమో తెలుస్తలేదు” అనెను.

పూర్తిగా చెడిపోయిన పెట్టెకంటె వచ్చి పోవు రోగము గలది కష్టతరమైనది. మెకానిక్కు వచ్చిన వేళ అది చక్కగా పాడును. అతడు సైకిలెక్కి పోగానే మూగబోవును. తిరిగి పాడినప్పుడెల్ల బాగైనదని యింటివారు మోసపోవుదురు. కొందరు పైన నాలుగు దెబ్బలు వేయుదురు. దెబ్బకు ఒక్కొక్కసారి పలుకును గనుక ఆ వైద్యమే మంచిదని నమ్ముదురు.

ఆ దినము పిలిపించిన మెకానిక్కు పడుచువాడే గాని తెలివిగలవాడు. పనిముట్టు తీయక మునుపు ప్రశ్నలు వేసెను. ఒక స్పీకరు ఆగునా, రెండును ఆగునా? ఎంతసేపటికి? ఆగునప్పుడు లోపల టిక్కుమని చప్పుడగునా? ఒక్కటే ఆగుచున్నయెడల, ప్లగ్గు తీసి, పెట్టె వెనుక ఎడమ కుడి తీగెలను మార్చి చూడవలెననెను. మార్చిన తరువాతను అదే స్పీకరు మూగబోయినయెడల దోషము ఆ స్పీకరుదో దాని తీగెదో. మూగతనము రెండవదానికి పోయినయెడల దోషము పెట్టెలోనిది. ఒకేసారి రెండు మార్పులు చేసినవాడు ఏది కారణమో ఎన్నటికిని ఎరుగడు.

అతడు చెప్పిన మరియొక సంగతి నా మనస్సున నాటుకొన్నది. పెట్టె లోపల రిలే యను చిన్న మీట యుండును. పాట దానిగుండానే స్పీకరునకు పోవును. ఏండ్లు గడిచినకొలది దాని అంచులు నల్లబడును. అప్పుడు మెల్లని ధ్వని దానిని దాటజాలదు, పాట తెగిపోవును. శబ్దమును గట్టిగా పెంచినయెడల ఆ మురికిని చీల్చుకొని పాట మరల వచ్చును. తగ్గించగానే మరల పోవును.

ప్రియులారా, హోషేయ దినములలోని ఎఫ్రాయిము ఇట్టిదే. ఉదయమున కనబడి, ఎండ రాగానే ఎగిరిపోవు మంచువంటిది వారి భక్తి యని దేవుడు వాపోయెను. పత్తిచేనిలో పొద్దున నడిచినవారికి ఆ మంచు సంగతి చెప్పనక్కరలేదు. మిర్చి పూతమీదనున్నప్పుడు మన యింట ప్రార్థన యుండును. పంట అమ్ముడై సొమ్ము చేతికి రాగానే ఆగును. మరుసటి యేట వడగండ్లు పడగానే తిరిగి వచ్చును. ఉరుము వంటి శ్రమకే తప్ప మెల్లని పిలుపునకు మన హృదయము అంటుకొనదు. ఇట్టి నల్లదనమును తుడువవలసినదే. ఇందులో నేను ఎవరిని, నన్నైనను, విడిచిపెట్టను.

అయితే ఆ యింటి పెట్టె రోగము ఇది కాదు. అరగంటకు రెండు స్పీకర్లును ఒక్కసారే టిక్కుమని ఆగినవి. మెకానిక్కు పెట్టె పైన చేయి పెట్టి చూచి నవ్వెను. ఆ యింటి తల్లి పెట్టెకు పూలకుట్టు గుడ్డ కప్పి, దానిమీద పరిశుద్ధ గ్రంథమును, కీర్తనల పుస్తకమును, పూలకుండను భక్తితో అమర్చియుండెను. పైనున్న గాలిరంధ్రములన్నియు మూసుకొనిపోయినవి. వేడి మితిమీరినప్పుడు పెట్టె కాలిపోకుండ తనంతట తానే ఆగునట్లు దానిని చేసినవారు ఏర్పరచిరి. చల్లారగానే మరల పాడును. “ఇది ఖరాబు కాలేదమ్మా, దీనికి ఊపిరాడుతలేదు” అని అతడనెను.

ఏలీయా కర్మెలు కొండమీద అంత గట్టిగా పలికిన మనుష్యుడు. యెజెబెలు మాట విని బెయేర్షెబాకు పారిపోయి, అరణ్యములో ఒక చెట్టుక్రింద చావు కోరుకొని పడుకొనెను. అప్పుడు దేవుడు అతని అల్పవిశ్వాసమునుగూర్చి ప్రసంగించుటకు ఎవరినైన పంపెనా? లేదు. నిద్రపోనిచ్చెను. దూత తట్టి లేపి నిప్పులమీది రొట్టెను, నీళ్లను చూపెను. తిని మరల పండుకొనగా మరల పండుకొననిచ్చెను. రెండవ మారును భోజనమే. నలువది దినముల ప్రయాణము తరువాత హోరేబులో గాని ప్రశ్న రాలేదు.

మన సంఘములలో ఒక సహోదరి యున్నది. అజరయ్యగారు 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన కాలములో, చదువురాని మన తాతలు అవ్వలు కీర్తనలను కంఠస్థము చేసిరి. ఆమె అట్టి కుటుంబమునుండి వచ్చినది, పుస్తకము లేకుండ పాడునది. ఆమె కుమారుడు చనిపోయిన తరువాత ఆరాధనలో ఆమె నోరు తెరువలేదు. ఒక ఆదివారము పాడును, మూడు ఆదివారములు మౌనముగా నుండును. పెద్దలు వెళ్లి హెచ్చరించిరి. స్త్రీల సమాజమువారు వచనములు వ్రాసి యిచ్చిరి. నేనును వెళ్లి యోబు గ్రంథమునుండి ముప్పావుగంట మాటలాడితిని. హోషేయ చెప్పిన మంచు ఈమెయేనని మనస్సులో తీర్పు తీర్చుకొంటిని. ఒక్క ప్రశ్నయైన అడుగలేదు. పూలకుట్టు గుడ్డమీద గ్రంథమునుంచినది ఆ యింటి తల్లి మాత్రమే కాదు.

ఆ కూటము ముగిసిన మరునాడు మా యింటి ఆమెతో కూడ ఆ సహోదరి గుడిసెకు మరల వెళ్లితిని. ఈసారి గ్రంథము సంచిలోనే యుండెను. మా ఆమె పొయ్యి రాజేసి జొన్నజావ కాచెను. నేను వాకిట మంచముమీద కూర్చుండి, కుమారుని పేరు పలికి, వాడు చిన్ననాడు ఎట్లుండెనని అడిగితిని. ఆమె చాలసేపు చెప్పెను. తరువాత గిన్నెడు జావ త్రాగి, “జెర పండుకుంట అయ్యగారూ” అనెను. మేము తలుపు దగ్గరగా వేసి వచ్చితిమి.