అవయవియు దాని తూనికయు

నూలుపోగులకంటె వస్త్రము వేఱొక వస్తువా, లేక పోగుల కూడికకు మనము పెట్టుకొన్న పేరు మాత్రమా యను వివాదమున, అవయవములు గూడగా నేర్పడు అవయవి యను వేఱు ద్రవ్యము కలదన్న నైయాయికులపై (న్యాయదర్శనము వారిపై) బౌద్ధులు వేసిన ప్రశ్నలలో నొకటి మిక్కిలి చమత్కారమైనది: వేఱు ద్రవ్యమే యైనచో దాని బరువును పోగుల బరువుతో జేరి త్రాసు మఱికొంత వంగవలెను గదా, ఏల వంగదు?

అణువులను సైతము తూచు త్రాసు నేడు మనకున్నది. టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటరులో అణువులకు విద్యుదావేశము కల్పించి, శూన్యమున విద్యుత్ క్షేత్రముల నడుమ నడపి, ద్రవ్యరాశికిని ఆవేశమునకును గల నిష్పత్తినిబట్టి కోరినవానిని మాత్రమే ముందునకు బోనిత్తురు. వానిని ఆర్గాను వంటి జడవాయువుతో ఢీకొట్టించి, పగిలిన తునుకలను రెండవమాఱు తూచుదురు. ఫినైల్‌కీటోన్యూరియా యను జన్మవ్యాధిని కనిపెట్టుటకై శిశువు మడమనుండి తీసి కాగితముపై నారబెట్టిన నెత్తుటిబొట్టులోని, అమైనో ఆమ్లమైన ఫినైల్‌అలనీను, ప్రోటాను నొకదానిని జేర్చుకొని తూనిక 166గా బ్రవేశించి, 120గా బయటపడును. తక్కిన 46 నీరుగను కార్బన్ మోనాక్సైడుగను, ఆవేశము లేనందున యంత్రమునకు గానరాక జాఱిపోవును. లెక్క సరిపోయినది, అవయవికని వేఱు బరువేమియు మిగులలేదు. బౌద్ధుడు గెలిచెను.

అయితే యిది సగము గెలుపే యని నాకు దోచును. ల్యూసీను, ఐసోల్యూసీను అను మఱి రెండు అమైనో ఆమ్లములలో పరమాణువుల జాతులును సంఖ్యయు నొక్కటే, తూనికయు నొక్కటే. మొదటి దెబ్బకు రెండును 132 నుండి 86కే దిగును. కావుననే శిశుపరీక్షలలో సాధారణముగా రెండింటిని గలిపి యొకే యంకెగా వ్రాయుదురు. మఱింత పగులగొట్టినప్పుడు గాని ఐసోల్యూసీను, 69 తూనిక గల తునుకను విశేషముగా రాల్చి, తన్ను బయటపెట్టుకొనదు. పాళ్ళు సమానములు, కూడిన తీరు వేఱు. పోగులు వస్త్రమునకు సమవాయికారణమని, అనగా అది దేనియందు నిలుచునో ఆ కారణమని, చెప్పి యూరకుండక, వాని సంయోగమును (కూడికను) అసమవాయికారణముగా, అనగా ఆ పోగులయందే యుండి వస్త్రమును గలిగించు కారణముగా, వేఱుగ నెన్నిన నైయాయికుడు ఈ భేదమునకు ముందే చోటుంచినాడు. సంయోగము గుణము, బరువనబడు గురుత్వమును గుణమే. గుణమున గుణాంతరము నిలువదని వారి సిద్ధాంతము గావున, సంయోగమును త్రాసున వెదకుటయే తగదు. అవయవి యను వేఱు ద్రవ్యమే దీనిచే సిద్ధించినదని నేననను. అవయవముల పట్టికయే వస్తువు కాదని మాత్రము సిద్ధించినది.

పగులగొట్టుటకును హద్దున్నది. కుడియెడమ చేతులవలె నొకదాని కొకటి ప్రతిబింబములైన రెండు ల్యూసీనులనుండి ఒకే తునుకలు రాలును. వానిని విడదీయవలెనన్నచో యంత్రమున బ్రవేశింపకముందే మఱొక విధమైన వడపోత కావలసియున్నది.