పిలుపు రాని పరీక్ష

వ్యాధి లక్షణమేదీ లేని మనిషిని పిలిచి, లోపల వ్యాధి దాగి ఉన్నదేమో చూడనిమ్మని అడగడం వైద్యచరిత్రలో కొత్త సంగతి. నొప్పి పుట్టినవాడు వైద్యుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళడం అనాదిగా ఉన్నదే కాని, హాయిగా తిరుగుతున్నవాణ్ణి వైద్యమే వెతుక్కుంటూ రావడం ఇరవయ్యో శతాబ్దంలో రూపుకట్టిన ఆలోచన. స్క్రీనింగ్ అని దానికి పేరు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన ఒక చిన్న గ్రంథంలో విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు నిపుణులు దీనికి షరతులు పెట్టారు. వెతుకుతున్న వ్యాధి సమాజానికి పెద్ద సమస్య అయి ఉండాలి, బయటపడేలోగా అది లోలోపల చాలాకాలం గడపాలి, పరీక్ష జనానికి సమ్మతం కావాలి, వ్యాధి దొరికినవారికి నిర్ధారణా చికిత్సా అందాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. పెద్దప్రేగుకూ పురీషనాళానికీ వచ్చే క్యాన్సర్ విషయంలో కాలానికి సంబంధించిన షరతు సరిగ్గా అమరుతుంది, సమ్మతి దగ్గర మనసు మొరాయిస్తుంది, చికిత్స అందే మాట దగ్గర దేశానికీ దేశానికీ తేడా వస్తుంది. ఇంట్లోనే చేసుకోగల మలపరీక్షను గురించి వృద్ధాప్యం వైపు నుంచి ఆలోచించేవారు ఈ మూడింటినీ విడదీయకుండా చూడవలసి ఉంటుంది.

ఈ క్యాన్సర్ ఒక్కసారిగా పుట్టదు. ప్రేగు లోపలి పొర మీద మొదట పాలిప్ అనే చిన్న కండ మొలుస్తుంది. చాలా పాలిప్‌లు జీవితాంతం నిరపాయంగానే ఉండిపోతాయి, కొన్ని మాత్రం పదేళ్ళో అంతకంటె ఎక్కువో గడిచాక క్యాన్సర్‌గా మారతాయి. జన్యువుల్లో లోపాలు ఒకదాని మీద ఒకటి పేరుకోవడం వల్ల ఈ మార్పు జరుగుతుందని 1990లో ఫియరన్, ఫోగెల్‌స్టైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు వివరించారు. పెరుగుతున్న పాలిప్ గాని, తొలిదశలోని కంతి గాని అప్పుడప్పుడు కంటికి ఆననంత కొద్దిగా రక్తాన్ని స్రవిస్తుంది. మలంలో కలిసిపోయిన ఆ రక్తాన్ని గుప్త రక్తం అంటారు. దానిని పట్టుకోవడమే ఇంటి పరీక్ష పని.

మొదట్లో ఈ పరీక్షను గ్వాయకం అనే చెట్టు జిగురు పట్టించిన అట్టముక్కలతో చేసేవారు. దానిమీద మలాన్ని పలుచగా పూసి మందు చుక్క వేస్తే, రక్తం ఉన్నచోట నీలం రంగు తేలేది. ఏటా ఈ పరీక్ష చేయించుకున్నవారిలో పెద్దప్రేగు క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయని అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన అధ్యయనం 1993లో చూపింది. అయితే ఆ జిగురుకు మనిషి రక్తానికీ మేకమాంసంలోని రక్తానికీ తేడా తెలియదు కనుక, పరీక్షకు ముందు కొన్ని రోజులు మాంసం మానవలసి వచ్చేది. హైదరాబాద్‌లో, నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన యెమెనీ అరబ్బుల సంతతివారు నివసించే బార్కస్‌ను ఆనుకుని, హలీమూ మండీ ఇంటింటి తిండి అయిన చాంద్రాయణగుట్ట ప్రాంతంలో ఇది చిన్న నియమం కాదు. ఇప్పుడు వాడుతున్న ఫీకల్ ఇమ్యునోకెమికల్ టెస్ట్, పొట్టిగా ఫిట్, మనిషి రక్తంలోని గ్లోబిన్ అనే మాంసకృత్తిని మాత్రమే గుర్తుపడుతుంది. అందువల్ల పథ్యం లేదు, మూడు రోజుల పాటు ఆరు నమూనాలు తీసే పని లేదు, ఒక్క నమూనా చాలు. చిన్న ప్లాస్టిక్ గొట్టం మూతకు అంటుకుని ఒక పుల్ల ఉంటుంది, దాని చివర గాడులు ఉంటాయి. ఆ గాడులు నిండేటంత మలాన్ని గీకి, పుల్లను గొట్టంలోని ద్రవంలోకి దించి, మూత బిగించి, తేదీ రాసి పంపడంతో పని ముగుస్తుంది.

ఇంగ్లాండ్‌లో ఈ గొట్టం అడగకుండానే తపాలాలో ఇంటికి వస్తుంది. అక్కడ 2006లో మొదలైన కార్యక్రమం తొలుత 60 నుంచి 69 ఏళ్ళవారికే ఉండేది, తరువాత 74 దాకా పెరిగింది, ఇటీవలి సంవత్సరాలలో మెట్టు మెట్టుగా 50కి దిగింది. 2019లో పాత అట్టముక్కల స్థానంలో ఫిట్ వచ్చింది. రెండేళ్ళకొకసారి ఉత్తరం, గొట్టం, తిరిగి పంపడానికి ముందే చెల్లింపు జరిగిన కవరు ఇల్లు చేరుతాయి. అయినా అందరూ పంపరు. 2000లో కోవెంట్రీ ప్రాంతంలో ప్రయోగాత్మకంగా నడిపినప్పుడు దక్షిణాసియా మూలాలున్నవారిలో, ముఖ్యంగా ముస్లింలలో, స్పందన తక్కువగా ఉన్నట్టు తేలింది. ఉచితంగా, గుమ్మం దాకా వచ్చిన గొట్టమే పెట్టెలో పడి ఉండిపోయిందంటే, అడ్డు దూరమూ కాదు, డబ్బూ కాదు, ఇంకేదో ఉన్నది.

చాంద్రాయణగుట్టలో 18 అంకెతో మొదలయ్యే ఇంటి నంబర్ల వెంట ఏ తపాలా ఉద్యోగీ అలాంటి కవరు తేడు. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్ళు దాటినవారికి చేయవలసిన క్యాన్సర్ పరీక్షలు మూడే: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఆశా కార్యకర్త గడప గడపకూ వచ్చి వయసు, పొగాకు అలవాటు, నడుం చుట్టుకొలత రాసుకుంటుంది. 2018 నుంచి నగరంలో వెలసిన బస్తీ దవాఖానాలలో రక్తపోటూ చక్కెరా చూస్తారు. పెద్దప్రేగు ఆ వరుసలో లేదు. దీన్ని నిర్లక్ష్యమని ఒక్కమాటలో తేల్చేయడం న్యాయం కాదు. భారతదేశంలో ఈ క్యాన్సర్ పశ్చిమ దేశాలకంటె చాలా తక్కువ, గొట్టంలో రక్తం తేలినవారందరికీ కొలొనోస్కోపీ చేయాలంటే కావలసిన నిపుణులు కొద్దిమంది. కొలొనోస్కోపీ అంటే ఆసనం గుండా కెమెరా అమర్చిన సన్నని గొట్టాన్ని పెద్దప్రేగులోకి పంపి లోపలి పొరను చూడడం. ఆ రెండో మెట్టు లేకుండా మొదటి మెట్టు కట్టడం భయాన్ని పంచిపెట్టడమే అవుతుందని నిర్ధారణా చికిత్సా అందాలన్న విల్సన్, యుంగ్నర్‌ల షరతు చెబుతుంది. అయినా చాంద్రాయణగుట్టకు కూతవేటు దూరంలో కాంచన్‌బాగ్ వైపు వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది, మూసీ ఒడ్డున ఉస్మానియా ఉన్నది, రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. జీర్ణకోశ వైద్యంలో దేశమంతా తలెత్తి చూసే సంస్థలు ఈ నగరంలోనే ఉన్నాయి. దేశం మొత్తానికి చేయలేనిది ఒక్క మనిషి తన మట్టుకు చేసుకోవడానికి ఇక్కడ దారి మూసుకుపోలేదు. కాని ఆ మనిషి ఎవరూ వేయని ప్రశ్నను తానే వేసుకోవాలి, తానే జవాబు చెప్పాలి. పిలుపు వచ్చినప్పుడు ఔననడం కంటె, పిలుపు లేకుండా బయలుదేరడం ఎక్కువ బరువైన పని.

ఆ బరువులో మొదటి పాలు శౌచానిది. చాంద్రాయణగుట్టలో కేశవగిరి మీది చెన్నకేశవస్వామిని కొలిచే ఇంటా, ఐదు పూటలా నమాజు చదివే ఇంటా, శుభ్రతకు ఆధారం ఒక్కటే, నీరు. మడి కట్టుకునేవారికీ నమాజుకు ముందు వుజూ చేసేవారికీ మలం అపవిత్రమే. దాన్ని చూడకుండా, తాకకుండా, క్షణం ఆలస్యం చేయకుండా నీటితో పంపేయడమే చిన్ననాటి నుంచి చేతులకు అబ్బిన శిక్షణ. ఫిట్ పరీక్ష ఈ శిక్షణకు సరిగ్గా ఎదురు నిలుస్తుంది, ఎందుకంటే నీటిలో కలిసిన మలం నమూనాకు పనికిరాదు. నేలమరుగుదొడ్డిలో కాగితమో పారేసే పళ్ళెమో పరిచి, అరవై ఏళ్ళుగా ముందుకు వచ్చే చెంబును ఆ ఒక్కసారికి ఆగమని చెప్పి, ఇంతకాలం తల తిప్పుకున్నదాని వైపే తల తిప్పి చూడాలి. ఇరుకు గల్లీలో పదిమందికి ఒక్క దొడ్డి ఉన్న ఇంట్లో, బయట ఎవరో తలుపు తడుతుండగా, మోకాళ్ళ నొప్పితో, శుక్లాలు కమ్మిన కళ్ళతో, వణికే వేళ్ళతో ఈ పని చేయడం ఎంత కష్టమో కరపత్రాలలోని బొమ్మలు చెప్పవు. సాయం అడగాలంటే కోడలికో మనవడికో విషయం తెలియాలి. వృద్ధులు ఈ పరీక్షకు వెనకాడడాన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవారు, ముసలితనంలో మిగిలే చివరి ఆస్తి తన మరుగును తాను కాపాడుకోవడమేనన్న సంగతి మరచిపోతారు.

అయితే మలాన్ని పరీక్షించడం ఈ నేలకు పరాయిదని అనుకోవడమూ పొరపాటే. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న నగరమిది. యునానీ హకీములు వ్యాధిని నిర్ణయించడానికి నబ్జ్, బౌల్, బరాజ్ అనే మూడింటిని, అంటే నాడిని, మూత్రాన్ని, మలాన్ని పరిశీలిస్తారు. ఆయుర్వేదం చెప్పిన అష్టస్థాన పరీక్షలోనూ మలానికి స్థానమున్నది, పైగా దోషాలూ ధాతువులతో పాటు మలాలను కూడా దేహానికి మూలంగానే ఆ శాస్త్రం లెక్కించింది. కృష్ణాతీరంలో నాగార్జునకొండ వంటి చోట్ల వర్ధిల్లిన బౌద్ధం మరో అడుగు వేసి, దేహంలోని వెంట్రుకలు, గోళ్ళు, పళ్ళు మొదలుకొని ప్రేగులు, మలం దాకా ఒక్కొక్కదాన్నీ మనసులో నిలిపి చూడమని సాధకులకు నేర్పింది. ఆ ధ్యానం దేహం మీది మోహం తగ్గడానికి, ఈ పరీక్ష దేహాన్ని నిలుపుకోవడానికి. లక్ష్యాలు వేరైనా రెండింటికీ కావలసిన ధైర్యం ఒక్కటే. విసర్జించినదాన్ని తనది కాదనకుండా చూడగలగాలి.

బరువులో రెండో పాలు వయసుది. ఇంత వయసొచ్చాక ఇవన్నీ ఎందుకు, కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోతే చాలు అనే మాట తెలుగు ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. అందులో జీవితం మీద విసుగు లేదు. మంచాన పడి ఇతరుల చేత సేవ చేయించుకోకూడదన్న పట్టుదల ఉన్నది, అది గౌరవించదగినది. కాని పెద్దప్రేగు క్యాన్సర్ అనాయాస మరణాన్నిచ్చే జబ్బు కాదు. పట్టించుకోని కంతి ఒకనాడు ప్రేగును మూసివేస్తే, కడుపు ఉబ్బి, వాంతులతో, అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తి, అత్యవసర శస్త్రచికిత్స చేయించుకోవలసి రావచ్చు. పొట్ట మీద చేసిన రంధ్రానికి సంచి తగిలించుకుని ఆ తరువాతి రోజులు గడపవలసి రావచ్చు. అదే పాలిప్ దశలో దొరికితే కొలొనోస్కోపీ చేస్తూనే, కడుపు కోయకుండా, తీసివేయడానికి చాలాసార్లు వీలవుతుంది. ఆయుష్షు పెంచుకోవాలన్న ఆశ లేని మనిషికి కూడా, చివరి రోజులు ఎలా గడవాలన్న కోరిక ఉన్నంతవరకు, ఈ పరీక్షతో సంబంధం ఉన్నది.

కాలం మాట మాత్రం దాటవేయడానికి వీలులేదు. వెయ్యిమంది మలపరీక్ష చేయించుకుంటే వారిలో ఒక్కరి మరణం తప్పడానికి దాదాపు పదేళ్ళు పడుతుందని 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన విశ్లేషణ లెక్కగట్టింది. జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1981లో ఎత్తిచూపిన చిక్కు ఇదే: సమాజానికి ఎంతో మేలు చేసే నివారణ చర్య అందులో పాల్గొన్న ఒక్కొక్కరికీ ఇచ్చేది బహు స్వల్పం. మిగతా వారంతా ఏ లాభమూ కంటికి కనబడకుండా పుల్లను గీకి గొట్టాన్ని ఇచ్చివస్తారు, తప్పిన మరణం తమదో కాదో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. తాను నీడ అనుభవించని చెట్టును నాటడం పెద్దలకు కొత్త కాదు కాని, ఇంగ్లాండ్‌లో అలా పాల్గొనేవారి చుట్టూ లక్షలమంది ఉంటారు, వారి ఫలితాలు లెక్కకెక్కి తరువాతివారికి పనికివస్తాయి. చాంద్రాయణగుట్టలో తనంతట తాను ల్యాబ్‌కు వెళ్ళే వృద్ధురాలు ఏ లెక్కలోనూ చేరదు. ఆమె చర్య పూర్తిగా ఆమెదే. ఈ ఒంటరితనమే ఆ చర్యకు ఒక నైతిక గాంభీర్యాన్ని ఇస్తుందని చెప్పాలి.

ఇక్కడ మరొక భేదం స్పష్టం కావాలి. స్క్రీనింగ్ లక్షణాలు లేనివారికి. రక్తం కంటికే కనిపిస్తున్నవారికి, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారినవారికి, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారికి, రక్తహీనత తేలినవారికి కావలసింది గొట్టం కాదు, వైద్యుడు. నగరపు గోడల మీద మొలలకు హామీ వైద్యం ప్రకటించే బోర్డులు ఎన్ని ఉన్నాయో చూసినవారికి, ఎర్రగా కనబడిన ప్రతిదీ పైల్స్ అనో బవాసీర్ అనో పేరు పెట్టుకుని నెలలు గడిచిపోవడం ఎంత తేలికో అర్థమవుతుంది. మొలలు నిజంగానే ఉండవచ్చు, వాటి వెనుక కంతీ ఉండవచ్చు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది లేదని కాదు. హెల్త్ చెకప్ ప్యాకేజీలలో కలిపి అమ్మే సి.ఇ.ఎ. అనే రక్తపరీక్ష కూడా ఈ పనికి ఉద్దేశించినది కాదు. అది వ్యాధి నిర్ధారణ అయినవారిలో చికిత్స తీరును గమనించడానికి ఉపయోగపడుతుంది.

ఫిట్‌లో రక్తం లేదని వచ్చినా పూర్తి భరోసా ఉండదు, ఒక్కసారి చేసిన పరీక్ష ప్రతి ఐదు క్యాన్సర్లలో సుమారు ఒకదాన్ని జారవిడుస్తుంది. అందుకే ఏటా గాని రెండేళ్ళకొకసారి గాని మళ్ళీ చేస్తారు. రక్తం ఉన్నదని వచ్చినవారిలోనూ ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. కాని ఉన్నదని వచ్చాక కొలొనోస్కోపీ చేయించుకోకపోతే మొదటి పరీక్షకు అర్థం లేదు. ఆ పరీక్షకు ముందురోజు ప్రేగు ఖాళీ చేసే ద్రవాన్ని లీటర్ల కొద్దీ తాగాలి, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్న ముసలి దేహానికి అది తేలిక కాదు. అరుదుగా ప్రేగుకు చిల్లు పడే ప్రమాదమూ ఉన్నది. అందువల్లనే అమెరికాలో 76 నుంచి 85 ఏళ్ళవారి విషయం ఒక్కొక్కరి ఆరోగ్యాన్నీ ఇష్టాన్నీ బట్టి నిర్ణయించమన్నారు, ఇంగ్లాండ్‌లో 75కు చేరాక కవరు రావడం ఆగిపోతుంది, కావాలనుకున్నవారు ఫోన్ చేసి అడగవచ్చు. ఆ లెక్కన చాంద్రాయణగుట్టలో 60 ఏళ్ళవారు కూడా ఇంగ్లాండ్‌లో 75 దాటినవారి స్థితిలోనే ఉన్నారు; అడిగితేనే దొరుకుతుంది, అడగాలా వద్దా అన్నది వారి చేతిలోనే ఉన్నది. కనుక ఇక్కడ ఆలోచన వెనుక నుంచి ముందుకు సాగాలి: క్యాన్సర్ దొరికితే శస్త్రచికిత్సకు ఒప్పుకుంటారా, కొలొనోస్కోపీకి ఒప్పుకుంటారా, తోడు ఎవరు వస్తారు, ఆ తరువాతే గొట్టం. మొదటి రెండింటికీ నిండు మనసుతో వద్దన్న ఎనభై ఏళ్ళ పెద్దమనిషిని పిల్లలు బలవంతంగా ల్యాబ్‌కు తీసుకువెళ్ళడం తగదు. అరవై ఐదేళ్ళ తల్లి ఔనంటే, అమ్మకేమీ కాదులే అని ఇంట్లోవాళ్ళు ఆ మాటను పక్కన పెట్టడమూ అంతే తగనిది, మన ఇళ్ళలో ఎక్కువగా జరిగేది ఈ రెండోదే.