కోహబర్: శోభనం గది గోడ మీది చిత్రం

మిథిలలో పెళ్లయిన కొత్తలో వధూవరులు ఉండే గదిని కోహబర్ ఘర్ అంటారు. ఆడపిల్ల పుట్టింట్లోని ఈ గదిలో, సాధారణంగా తూర్పు గోడ మీద, ఇంటి ఆడవాళ్లు వేసే పెద్ద చిత్రానికీ కోహబర్ అనే పేరు. ఉత్తర బిహార్‌లోని మధుబని, దర్భంగా ప్రాంతాల్లోనూ, సరిహద్దుకు అవతల నేపాల్‌లో జనక్‌పూర్ చుట్టుపక్కలా ఈ ఆచారం ఉంది. బ్రాహ్మణ, కాయస్థ కుటుంబాల్లో దీనికి ప్రాధాన్యం ఎక్కువ. ఇప్పుడు మధుబని బొమ్మలుగా దేశమంతటా అమ్ముడవుతున్న చిత్రకళకు ఇదొక ప్రధాన మూలం. పైకి చూస్తే ఇది గది అలంకారమే. కాని దాని వెనుక ఒక లోతైన ప్రశ్న ఉంది. గోడ మీది బొమ్మ ఒక అర్థాన్ని చూపించి ఊరుకుంటుందా, లేక అది స్వయంగా ఒక కర్మా?

చిత్రం నడుమ నిలువుగా ఒక కాండం లేస్తుంది. దాని చుట్టూ గుండ్రటి తామరాకులో, తామరపూలో వలయంగా అమరుతాయి. పక్కనే వెదురు పొద ఉంటుంది. ఆకుల సందుల్లో చేపలు, తాబేళ్లు, పాములు, చిలకల జంటలు కనిపిస్తాయి. పైభాగంలో సూర్యచంద్రులు, నవగ్రహాలు, ఒక పక్క శివపార్వతులు, కింద గౌరీపూజ చేస్తున్న పెళ్లికూతురు, పల్లకి ఉంటాయి. గది నాలుగు మూలల్లో నైనా జోగిన్ అనే స్త్రీమూర్తులను వేస్తారు. ముఖం సగం ముసుగులో దాగి, ఒక్క కన్నే కనిపించే ఈ జోగినులు కొత్త దంపతులను దిష్టి నుంచి కాపాడతారని నమ్మకం. ఖాళీ స్థలం దాదాపు మిగలదు.

చిత్రం వేసే పద్ధతిలోనూ పూజ లక్షణాలున్నాయి. మట్టిగోడను పేడతో అలికి సిద్ధం చేస్తారు. భర్త ఉన్న పెద్ద ముత్తైదువ సిందూరంతో మొదటి చుక్కలు పెడుతుంది. మిగతావాళ్లు పాటలు పాడుతూ బియ్యప్పిండి, దీపపు మసి, ఆకుల పూల రంగులతో పని సాగిస్తారు. పూర్తయిన గదిలోకి కొత్త జంట ప్రవేశిస్తుంది. ఇంట్లో జరిగే సంస్కారాల విధులు చెప్పే గృహ్యసూత్రాలు పెళ్లి తరువాత మూడు రాత్రులు బ్రహ్మచర్యం పాటించమని, నాలుగో నాడు చతుర్థీకర్మ జరపమని విధించాయి. మిథిలలో ఆ చతుర్థి ఈనాటికీ ముఖ్యమే. అంటే దాంపత్యం మొదలుకాక ముందే, ఆ నిగ్రహపు రాత్రుల్లోనే ఈ చిత్రం వధూవరుల ఎదుట ఉంటుంది. కోరికకు ముందు మంగళాన్ని నిలపడం ఈ ఏర్పాటులోని ఉద్దేశం.

బయటి ప్రపంచానికి ఈ గోడలు కనిపించింది ఒక విపత్తు వల్ల. 1934 జనవరి 15న వచ్చిన భూకంపంలో ఇళ్లు కూలినప్పుడు, మధుబనిలో అధికారిగా ఉన్న విలియం ఆర్చర్ విరిగిన గోడల లోపలి చిత్రాలను చూశాడు. 1949లో ‘మార్గ్’ పత్రికలో వాటి గురించి రాశాడు. ఆ తరువాత వ్యాఖ్యానాలు పెరిగాయి. నిలువు కాండం పురుషచిహ్నమనీ, తామర వలయం స్త్రీచిహ్నమనీ, మొత్తం చిత్రం ఒక తాంత్రిక యంత్రమనీ కొందరు వివరించారు. మానవశాస్త్రవేత్త కరోలిన్ హెన్నింగ్ బ్రౌన్ 1996లో ప్రచురించిన వ్యాసంలో ఈ వివరణను ప్రశ్నించారు. చిత్రం వేసే స్త్రీలు చెప్పేది వేరు. వాళ్లకు అది చెరువులో త్వరత్వరగా అల్లుకునే తామర, ఒక్క దుంప నుంచి గుంపుగా పెరిగే వెదురు. సంతానం, వంశవృద్ధి, ఇంటి చల్లదనం వాళ్లు కోరుకునేవి.

ఈ రెండు వ్యాఖ్యానాలూ చిత్రం దేనికి గుర్తు అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. వేదకర్మలను విచారించే పూర్వమీమాంస ఇంకో దారి చూపుతుంది. ఆ దర్శనంలో విధివాక్యం ప్రధానం. ఏం చేయాలో చెప్పేది అదే. కర్మను పొగిడే కథలు, వర్ణనలు అర్థవాదాలు. అవి విధికి తోడుగా నిలుస్తాయే తప్ప దాని స్థానం తీసుకోవు. కోహబర్ వైదిక కర్మ కాదు, స్త్రీల ఆచారం. అయినా ఈ విభజన దానికి చక్కగా సరిపోతుంది. తామర అంటే ఏమిటి, చేప అంటే ఏమిటి అనే వివరణలు అర్థవాదం వంటివి. అవి మనిషి మనిషికీ మారవచ్చు, ఒక్కోసారి ఏ వివరణా లేకపోవచ్చు. ఫలానా గోడ మీద, ఫలానా వేళ, ముత్తైదువ చేతితో చిత్రం మొదలుకావడం మాత్రం మారదు. కోహబర్ పవిత్రత అందులో ఉంది.

ఆడవాళ్ల ఆచారానికి ఇంత బలం ఎక్కడిది అంటే, శాస్త్రమే ఆ అధికారాన్ని ఒప్పుకుంది. మిథిలలో ప్రచారంలో ఉన్న పారస్కర గృహ్యసూత్రం పెళ్లి విషయంలో ఊరి మాట పాటించమంటుంది. తెలుగునాట ఎక్కువ కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ఇంకా సూటిగా, పెళ్లిలో చేయవలసిన ఆచారాలను స్త్రీల నుంచి తెలుసుకోమంటుంది. మంత్రం పురోహితుడిదైతే గోడ ఆడవాళ్లది. రెండూ కలిస్తేనే పెళ్లి పూర్తి.

పడుకునే గదిలో బొమ్మ ఏం చేస్తుందన్న విచారణ ఇతర సంప్రదాయాల్లోనూ ఉంది. పాళీ వినయపిటకంలోని చుల్లవగ్గం ప్రకారం, కొందరు భిక్షువులు విహారంలో స్త్రీపురుషుల బొమ్మలు వేయిస్తే బుద్ధుడు వద్దన్నాడు. పూలదండలు, తీగల అల్లికలు మాత్రం ఒప్పుకున్నాడు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం కాపురం ఉండే ఇళ్లలో శృంగారం, హాస్యం, శాంతం ఉట్టిపడే చిత్రాలే ఉండాలంటుంది. యుద్ధం, శ్మశానం, మరణం వంటివి అక్కడ కూడవు. దేవాలయానికీ రాజసభకూ ఆ పరిమితి లేదు. సన్యాసికీ గృహస్థుకూ నియమాలు వేరైనా ఆధారం ఒకటే. రోజూ చూసే గోడ మనసును మలుస్తుంది.

అదే చిత్రసూత్రం సొంత ఇంట్లో సొంత చేతితో చిత్రం వేయవద్దని కూడా చెబుతుంది. కోహబర్ సరిగ్గా దానికి ఎదురు నడుస్తుంది. అయితే ఆ నియమం రసం పండించే శిల్పుల విద్యకు సంబంధించింది. కోహబర్‌లో నేర్పు కన్నా అర్హత ముఖ్యం. వాకిట్లో ముగ్గు ఇంటివాళ్లే వేసుకున్నట్టు, ఈ మంగళం కూడా ఆ ఇంటి చేతులతోనే జరగాలి. ఎంత గొప్ప చిత్రకారుడైనా ముత్తైదువ స్థానంలో నిలబడలేడు.

ఇంటి చేతుల ఈ చిత్రం తరువాత అమ్మకపు కళగా కూడా మారింది. 1960ల చివర బిహార్‌ను కరువు పట్టి పీడించినప్పుడు అఖిల భారత హస్తకళల బోర్డు, పుపుల్ జయకర్ చొరవతో, చిత్రకారుడు భాస్కర్ కులకర్ణిని మధుబని పంపింది. ఆడవాళ్లు గోడ నుంచి కాగితానికి వచ్చారు. వాళ్ల ఇళ్లకు ఆదాయం, వాళ్ల పేర్లకు గుర్తింపు వచ్చాయి. వాళ్లలో జగదంబా దేవికి 1975లో, గంగా దేవికి 1984లో పద్మశ్రీ లభించింది. గంగా దేవి దిల్లీలోని హస్తకళల మ్యూజియంలో ఒక కోహబర్ గదిని చిత్రించారు. తరువాతి కాలంలో మ్యూజియం మరమ్మతుల్లో అది నాశనమైంది, కళాప్రియులు ఎంతో బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. ఆ గోడ ఒక గొప్ప కళాకారిణి చేతి పని, మళ్లీ దొరకదు.

పల్లె ఇంటి కోహబర్ విషయం వేరు. తేమకు పెళ్లలు ఊడినా, మళ్లీ సున్నం పడినా ఎవరూ దుఃఖించరు. దంపతులు గదిలో అడుగుపెట్టి, చతుర్థి జరిగి, పెళ్లి నిలిచిన నాడే ఆ చిత్రం పని నెరవేరింది. ఇంట్లో ఇంకో పెళ్లి జరిగినప్పుడు మళ్లీ కొత్తగా వేస్తారు. పక్కా ఇళ్లలో కాగితం మీద వేసి గోడకు అంటించినా కర్మకు లోటు లేదు, ఎందుకంటే చేతులు, వేళ, సంకల్పం అవే. అదే బొమ్మ కొనుక్కుని ఎక్కడో గదిలో తగిలిస్తే అందం వస్తుంది, గౌరవించదగిన కళ వస్తుంది, కాని వివాహకర్మ రాదు. కోహబర్‌లో బొమ్మ కర్మకు గుర్తు మాత్రమే కాదు, కర్మలో ఒక అంగం. అలంకారం, ఆశీస్సు అక్కడ వేరు వేరు పనులు కావు. ఒకే చేతి కదలికలో రెండూ జరుగుతాయి.