పండుగ సంతోషం ఎవరిది? క్రిస్మస్ కాలపు థీమ్ పార్కుపై ఒక ధార్మిక విచారణ

డిసెంబరు నెలలో ఒక రోజంతా కుటుంబసమేతంగా థీమ్ పార్కులో గడపడం అమెరికాలోనూ ఐరోపాలోని పలుచోట్లా క్రిస్మస్ ఆచారాల్లో ఒకటిగా స్థిరపడింది. ఒక కథనో, ఒక కాలాన్నో, ఒక ఊహాలోకాన్నో ఆధారం చేసుకొని, భవనాల ఆకారం మొదలు పనివారి దుస్తుల వరకు సమస్తమూ ఆ కల్పనకు లోబడి ఉండేలా నిర్మించిన, చుట్టూ ప్రహరీ కలిగిన, రుసుము చెల్లించి ప్రవేశించవలసిన వినోదస్థలాన్ని థీమ్ పార్కు అంటారు. దైవం మానవజన్మ ఎత్తిందన్న విశ్వాసం మీద నిలిచిన పండుగ అటువంటి ఆవరణలోకి వచ్చినప్పుడు తత్త్వశాస్త్రానికీ, దేవుని గూర్చిన విశ్వాసాన్ని హేతుబద్ధంగా వివరించే దైవశాస్త్రానికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. వెలకట్టి అమ్మే సంతోషానికీ, పండుగ పేరిట విశ్వాసులు పొందే సంతోషానికీ సంబంధం ఏమిటి? మొదటిది రెండవదానికి విరోధా, లేక దానిలోకి దారితీయగల ద్వారమా? ఆ సంతోషం ఎక్కడి నుంచి వస్తున్నది, ఎవరి వరకు చేరుతున్నది అన్న రెండు విషయాలను పరిశీలిస్తే తప్ప దీనికి సమాధానం దొరకదు.

విచారణకు ఆధారంగా తీసుకోదగిన స్థలం కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్ నగరంలో 1955 జులై 17న ప్రారంభమైన డిస్నీలాండ్. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో తన కుమార్తెలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుండగా బెంచీ మీద కూర్చొని చూస్తున్నప్పుడు, పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించగల చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన తనకు కలిగిందని దాని నిర్మాత వాల్ట్ డిస్నీ చెప్పేవాడు. పిల్లలు ఆడుతుంటే పెద్దలు కాపలా కాసే పద్ధతిని తొలగించి, కుటుంబాన్ని మొత్తంగా ఆటలోకి పిలవడమే ఆ స్థలానికి మూలసంకల్పం. అక్కడే 1958లో క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్ అనే కార్యక్రమం మొదలైంది. గాయకబృందాలు చేతుల్లో కొవ్వొత్తులతో పార్కులోని ప్రధాన వీధి వెంట ఊరేగింపుగా నడిచి వచ్చి నిలబడగా, అతిథిగా వచ్చిన ప్రసిద్ధ నటుడో నటియో సువార్తల్లోని యేసు జననవృత్తాంతాన్ని చదువుతారు. మధ్యమధ్య క్రిస్మస్ గీతాలు వినిపిస్తాయి. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 1971లో మొదలైన ఇదే కార్యక్రమం 1994 నుంచి అక్కడి ఎప్‌కాట్ పార్కులో జరుగుతున్నది. శాంతాక్లాజూ కృత్రిమ మంచూ మాత్రమే కనిపించే చోట ప్రశ్న ఇంత తీవ్రంగా ఉండేది కాదు. ఊహాలోకం నడిబొడ్డున సువార్త పఠనం వినిపించడం వల్లనే వినోదమూ ఆరాధనా ఒకదానినొకటి ఎదుర్కొనక తప్పని స్థితి ఏర్పడింది.

ఈ కలయికను అనుమానంతో చూసే ధోరణి క్రైస్తవ చరిత్రలో చాలా పాతది. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజ్ నగరానికి చెందిన టెర్టులియన్ రోమన్ల వినోద ప్రదర్శనలపై ఒక గ్రంథమే రాసి, అవి విగ్రహారాధన నుంచి పుట్టాయనీ, చూసేవారి మనసును ఉద్రేకానికి లోబరుస్తాయనీ, విశ్వాసి వాటికి దూరంగా ఉండాలనీ వాదించాడు. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ బలపడిన ప్యూరిటన్లు, అనగా లేఖనాల్లో ఆధారం లేని ఆచారాలన్నిటినీ తొలగించి చర్చిని శుద్ధి చేయాలని కోరిన సంస్కర్తలు, క్రిస్మస్‌నే తిరస్కరించారు; మసాచుసెట్స్ బే వలసరాజ్యంలో 1659 నుంచి 1681 వరకు ఆ పండుగ జరుపుకొన్నవారికి అయిదు షిల్లింగుల జరిమానా విధించే చట్టం అమలులో ఉంది. ఈ వాదాన్ని ఛాందసమని తోసిపుచ్చడం న్యాయం కాదు. మనిషి తన ఉద్వేగాలను ఎవరి చేతికి అప్పగిస్తున్నాడో తెలుసుకోవాలనీ, భక్తి పేరిట జరిగేదంతా భక్తి కాదనీ హెచ్చరించడంలో దాని బలం ఉంది. అయితే ఆనందం పొంగిన ప్రతిచోటా అపాయాన్నే చూడటం వల్ల, సృష్టి మంచిదని చెప్పే గ్రంథాన్ని నమ్మినవారే ఆ మంచితనాన్ని అనుభవించడానికి భయపడవలసి వస్తుంది.

ఆ భయానికి సమాధానం కూడా అదే సంప్రదాయంలో ఉంది. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో సరసమైన వినోదాన్ని మితం తెలిసిన సద్గుణంగా గుర్తించగా, పదమూడవ శతాబ్దపు దైవశాస్త్రజ్ఞుడు థామస్ అక్వినాస్ ఆ భావాన్ని స్వీకరించి, శరీరానికి విశ్రాంతి ఎంత అవసరమో ఆత్మకు ఆట అంత అవసరమని నిరూపించాడు. సామెతల గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో సృష్టి జరుగుతున్నప్పుడు జ్ఞానం దేవుని సన్నిధిలో ఆనందిస్తూ ఉన్నట్టు వర్ణన ఉంది. జెకర్యా ప్రవక్త యెరూషలేము పునరుద్ధరణను ఊహించినప్పుడు, వీధుల్లో ముసలివారు చేతికర్రలతో కూర్చొని ఉండటాన్నీ, అబ్బాయిలూ అమ్మాయిలూ నిండుగా ఆడుకోవడాన్నీ రక్షణకు గుర్తులుగా చూపాడు. తెలుగు పాఠకులకు ఈ ఆలోచన కొత్తది కాదు. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం మొదటి పాదంలో, ఏ కొరతా లేని బ్రహ్మం లోకాన్ని ఎందుకు సృష్టించాలన్న ఆక్షేపణకు సమాధానంగా, ప్రయోజనాపేక్ష లేని సహజ ప్రవృత్తి అయిన లీలను సూత్రకారుడు ప్రతిపాదించాడు. ఈ రెండు దర్శనాలకూ జగత్తు విషయంలోనూ దైవం విషయంలోనూ మౌలికమైన భేదాలు ఉన్నప్పటికీ, అవసరం నుంచి పుట్టని చర్యే అత్యున్నతమైన చర్య అని రెండూ అంగీకరిస్తాయి. గుడి ముందు రంగులరాట్నం తిరిగే తిరునాళ్లను ఎరిగిన సమాజానికి, ఆట దైవానికి పరాయిదని ఒప్పించడం కష్టం.

డచ్ చరిత్రకారుడు యోహాన్ హ్యుయిజింగా 1938లో ప్రచురించిన గ్రంథంలో ఆటకూ ఆరాధనకూ ఉన్న రూపసామ్యాన్ని విశదీకరించాడు. రెండింటికీ దైనందిన జీవితం నుంచి వేరుచేసిన స్థలం ఉంటుంది, మొదలూ ముగింపూ ఉన్న కాలం ఉంటుంది, ఆ హద్దుల లోపల మాత్రమే చెల్లే నియమాలు ఉంటాయి. మానవశాస్త్రవేత్త అలెగ్జాండర్ మూర్ 1980లో వెలువరించిన వ్యాసంలో ఈ సూత్రాన్నే వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు అన్వయించి, దూరప్రయాణం, ద్వారం, లోపలి కట్టుబాట్లు, తిరుగుప్రయాణం అన్నవాటి వల్ల అది యాత్రాస్థలపు నిర్మాణాన్ని పోలి ఉందని చూపాడు. ఈ పోలిక విలువైనదే అయినా దానితో విచారణ పూర్తి కాదు. యాత్రికుడు చేరుకునే క్షేత్రం తనకంటే ముందే ఉన్నదనీ, అక్కడ తనను ఎవరో పిలిచారనీ నమ్ముతాడు. పార్కుకు వెళ్లినవాడు తన కోసమే, తన ఇష్టానిష్టాలను లెక్కించి సిద్ధం చేసిన స్థలంలో అడుగుపెడతాడు. బయటి రూపం ఒకటే అయినా, మొదటిచోట మనిషి సమాధానం చెప్పుకోవలసినవాడు, రెండవచోట సంతృప్తి పరచవలసినవాడు.

ఈ భేదాన్ని స్పష్టంగా పట్టుకున్నవాడు జర్మన్ తత్త్వవేత్త యోసెఫ్ పీపర్. ఆయన 1948లో విరామాన్ని గురించీ, 1963లో పండుగ స్వరూపాన్ని గురించీ రాసిన రచనల సారాంశం ఏమిటంటే, పని మానిన రోజు ప్రతిదీ పండుగ కాదు. లోకం ఉండటమూ తాము ఉండటమూ మంచిదేనన్న అంగీకారం మనుషుల హృదయాల్లో ఉన్నప్పుడే, ఆ అంగీకారాన్ని అసాధారణమైన రీతిలో ప్రకటించే రోజు పండుగ అవుతుంది. అందువల్ల పండుగను ఏర్పాటు చేయవచ్చు గాని ఉత్పత్తి చేయలేరు. దీపాలు, సంగీతం, విందు, అలంకారం అన్నీ మనుషుల చేతిలో ఉన్నవే అయినా, సంతోషించడానికి తగిన కారణం మాత్రం వారికి బయటి నుంచి లభించవలసిందే. క్రైస్తవ విశ్వాసం ప్రకారం క్రిస్మస్‌కు ఆ కారణం నరావతారం, అనగా దైవం శరీరధారియై మానవుల మధ్య నివసించడం. అది ఎవరూ సంపాదించనిది, ఎవరి అర్హతకూ ప్రతిఫలం కానిది. థీమ్ పార్కు ఆ కారణాన్ని సృష్టించలేదు. కొవ్వొత్తుల వెలుగులో సువార్త చదివించినప్పుడు దానిని గుర్తుచేయగలదు. ఇంతవరకు అంగీకరిస్తే మొదటి విషయం తేలుతుంది: పార్కులోని సంతోషం తన మూలం తానే అనుకున్నప్పుడు కాలక్షేపంగా మిగులుతుంది, తనకంటే పెద్ద కృపకు ప్రతిస్పందనగా మారినప్పుడు పండుగలో భాగమవుతుంది.

రెండవ విషయం ఆ సంతోషపు హద్దులకు సంబంధించినది, ఇక్కడ కుటుంబాన్ని గురించి ఆలోచించాలి. క్రిస్మస్ ఎల్లకాలం కుటుంబ పండుగగా లేదు. అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, వీధుల్లో గుంపులుగా తిరుగుతూ ధనికుల తలుపులు తట్టి తిండీ పానీయాలూ అడిగే పాత క్రిస్మస్ క్రమంగా తగ్గి, తలుపులు వేసుకున్న ఇంట్లో పిల్లలకు కానుకలిచ్చే క్రిస్మస్ దాని స్థానంలోకి వచ్చిన తీరును చరిత్రకారుడు స్టీఫెన్ నిసెన్‌బామ్ 1996 నాటి గ్రంథంలో వివరించాడు. పాతపద్ధతిలోని అల్లరి పోయింది గాని, దానితోపాటు లేనివాడు ఉన్నవాడి గడప తొక్కే హక్కు కూడా పోయింది. ప్రహరీ లోపల కుటుంబాలు పక్కపక్కనే నడుస్తూ ఒకరినొకరు ఎరగకుండా గడిపే థీమ్ పార్కు దినం ఆ మార్పుకు సహజమైన కొనసాగింపు.

అయితే లేఖనాలు కుటుంబాన్ని గౌరవిస్తూనే దాని గోడలను తెరుస్తాయి. ద్వితీయోపదేశకాండం పదహారవ అధ్యాయం వారముల పండుగనూ పర్ణశాలల పండుగనూ విధిస్తూ, సంతోషించవలసినవారి జాబితాలో కుమారుణ్ణీ కుమార్తెనూ చెప్పి ఆగకుండా, దాసుణ్ణీ దాసినీ, సొంత భూమి లేని లేవీయుణ్ణీ, పరదేశినీ, తండ్రి లేనివారినీ, విధవరాలినీ చేర్చింది. ఈ ధర్మం ప్రకారం ఇంటివారు మాత్రమే ఆనందించిన పండుగ అసంపూర్ణమైనది. లూకా సువార్త రెండవ అధ్యాయం చివర ఒక కుటుంబం పండుగకు వెళ్లిన వృత్తాంతం కూడా ఇదే దిశను చూపుతుంది. పస్కా పండుగకు యెరూషలేము వెళ్లి తిరిగి వస్తూ, పన్నెండేళ్ల కుమారుడు బంధువుల గుంపులో ఉన్నాడనుకొని ఒక దినప్రయాణం సాగిన మరియ, యోసేపులు, మూడు దినాల తరువాత అతణ్ణి దేవాలయంలో బోధకుల మధ్య కనుగొన్నారు. తన తండ్రి పనులలో ఉండవలసినవాడినని ఆ బాలుడు చెప్పి, అనంతరం వారితో నజరేతుకు వెళ్లి లోబడి ఉన్నాడు. కుటుంబం ఇక్కడ నిరాకరింపబడలేదు, కాని అదే అంతిమ గమ్యమన్న భావన సవరింపబడింది. కుటుంబం ఒకటిగా ఉండటం పండుగకు ప్రారంభమే తప్ప పరమావధి కాదన్నది ఈ వృత్తాంతపు బోధ.

ఈ దృష్టితో చూసినప్పుడు పార్కులో చదివే జననవృత్తాంతమే ఆ పార్కును పరిశీలించే ప్రమాణమవుతుంది. సత్రంలో స్థలం దొరకక శిశువును పశువుల తొట్టిలో పరుండబెట్టిన ఆ తల్లిదండ్రులు, లూకా చెప్పిన ప్రకారం, దేవాలయంలో రెండు పక్షులను అర్పించారు. లేవీయకాండం గొర్రెపిల్లను కొనలేని పేదలకు అనుమతించిన అర్పణ అది. అనగా టికెట్టు కొన్నవారు మాత్రమే చేరగలిగిన ఆవరణలో వినిపించే కథ, వెల చెల్లించలేని ఒక ఇంటి కథ. అంతేకాదు, ఆ జననవార్త మొదట చేరింది రాత్రివేళ మందను కాచుకుంటూ, పని విడిచి పండుగ చేసుకునే వీలు లేని కాపరులకు. సాధారణంగా డిసెంబరు 25న కూడా తెరిచి ఉండే పార్కుల్లో టికెట్లు చూసేవారు, రైడ్ల తలుపులు మూసేవారు, వంటశాలల్లోనూ మరుగుదొడ్లలోనూ పనిచేసేవారు, అందరూ వెళ్లాక వీధులు కడిగేవారు తమ కుటుంబాలకు దూరంగా ఇతరుల కుటుంబదినాన్ని సాధ్యం చేస్తున్నారు. సువార్త లెక్క ప్రకారం వారు ఆ కాపరుల స్థానంలో ఉన్నవారు. వారిని అలంకరణలో భాగంగా చూసే సంతోషం, తాను విన్న కథను వినలేదనే అర్థం.

ప్రత్యామ్నాయం ఎలా ఉంటుందో చూపడానికి తెలంగాణలోని మెదక్ చర్చి తగిన ఉదాహరణ. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో, కరువు పీడించిన కాలంలో చుట్టుపక్కల ప్రజలకు పనీ తిండీ దొరికేలా నిర్మించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. క్రిస్మస్ నాడు అక్కడికి వేర్వేరు మతాల కుటుంబాలు తరలివస్తాయి. ప్రార్థనా ఉంటుంది, సందడీ ఉంటుంది. ఆ కట్టడపు మహత్తు దాని ఎత్తైన గోపురంతోపాటు, ఆకలిగొన్నవారి అవసరానికి సమాధానంగా లేచిన గోడలలోనూ ఉంది. వినోదాన్ని వెలివేయకుండానే పండుగ తన తలుపులు తెరిచి ఉంచగలదని అది చాటుతున్నది.

కనుక థీమ్ పార్కులో గడిపే కుటుంబదినాన్ని దైవశాస్త్రం నిషేధించనక్కరలేదు, పవిత్రమని ప్రకటించనూ అక్కరలేదు. సంవత్సరమంతా ఉద్యోగాలూ చదువులూ చీల్చివేసిన ఇంటివారు ఒకరికొకరు ఒక పూర్తి రోజును ఇచ్చుకోవడం స్వల్పమైన మేలు కాదు. పీపర్ చెప్పిన అంగీకారం చాలామందికి మొదట కలిగేది పిల్లల నవ్వు విన్నప్పుడే. కాని ఆ రోజు పండుగ కావాలంటే రెండు నిబంధనలు తప్పవు. ఆ ఆనందాన్ని కొనుక్కున్న హక్కుగా భావించకుండా, అర్హత లేకుండా లభించిన వరంగా కృతజ్ఞతతో స్వీకరించాలి. స్వీకరించినదాన్ని సొంత ఇంటి హద్దు దాటించి, సేవ చేస్తున్న పనివాడికి దక్కవలసిన గౌరవంగానూ, ద్వారం వరకు కూడా రాలేని కుటుంబానికి చెందవలసిన పాలుగానూ మార్చాలి. పేదింటి శిశువు పుట్టుకను తలచుకొనే పండుగలో పేదవానికి చోటు కల్పించడం ధర్మాత్ముల ఔదార్యం అనిపించుకోదు, అది ఆ పండుగ ఉనికికే షరతు. ఆ షరతును పాటించిన కుటుంబానికి ఏ స్థలమైనా పండుగకు తగినదే. పాటించని కుటుంబానికి దేవాలయ ప్రాంగణం సైతం వినోదస్థలం కంటే మిన్న కాజాలదు.