మాడ్రిడ్‌ను కాపాడిందెవరు?

మాడ్రిడ్ గురించి ఎవరైనా ఉత్సాహంగా మాట్లాడుతుంటే ఈమధ్య మనసు కలుక్కుమంటోంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1936 నవంబరు నాకు చాలాకాలం మచ్చలేని నెల. ఫ్రాంకో సైన్యం ముంచుకొస్తుంటే 6వ తేదీన రిపబ్లిక్ ప్రభుత్వం ఊరిని జనరల్ మియాహాకు అప్పగించి వలెన్సియాకు తరలిపోయింది. ఇక ఊరు పడిపోయినట్టేనని లోకం అనుకుంది. పడలేదు. చనిపోయిన ఒక శత్రు అధికారి దగ్గర దాడి పథకం దొరికింది. దాన్ని చూసి మియాహా కింది సైనికాధికారి రోహో బలగాలను కాసా దె కాంపో పార్కు వైపు మళ్లించాడు. 8న విదేశీ స్వచ్ఛంద సైనికుల అంతర్జాతీయ దళం గ్రాన్ వియా వీధిలో కవాతు చేస్తూ వచ్చింది. యూనివర్సిటీ సిటీలో కిటికీలకు లావుపాటి పుస్తకాలు అడ్డం పేర్చుకుని పోరాడారు.

అయితే 7వ తేదీ నుంచే రిపబ్లిక్ పక్షంవాళ్లు అదే నగరం జైళ్లలోని ఖైదీలను బస్సుల్లో ఎక్కించి, ఊరి బయట పారాకుయెల్యోస్ గ్రామం దగ్గర కాల్చి, కందకాల్లో పూడ్చారు. డిసెంబరు మొదటివారం లోపు రెండు వేల మందికి పైగా. విచారణ లేదు. నాటకకర్త మున్యోస్ సెకా కూడా అక్కడే పోయాడు.

ఒకసారి విజయవాడలో మిత్రుల మధ్య ఈ మాట ఎత్తాను. నేను గౌరవించే పెద్దాయన ఒకరు కోప్పడలేదు, నెమ్మదిగానే అడిగారు: "మోదెలో జైలు యుద్ధరేఖకు ఎంత దగ్గరో తెలుసా? లోపల సైనికాధికారులు ఎంతమందో? తలుపులు బద్దలైతే వాళ్లు ఎవరితో కలుస్తారు? ఆగస్టులో బదాహోస్‌లో ఫ్రాంకో సైన్యం చేసిన ఊచకోత ఊరందరికీ తెలుసు. ఊరి బాధ్యత మోసినవాళ్ల కుర్చీలో నువ్వుంటే ఏం చేసేవాడివయ్యా?" నాకు నోరు పెగల్లేదు. ఆ భయం కల్పితం కాదు. తలమీద విమానాలు, ఊళ్లోనే శత్రువుకు రహస్యంగా పనిచేసే పంచమాంగ దళం ఉందన్న అనుమానం. ఏసీ గదిలో కూర్చుని ఆ భయానికి తీర్పు చెప్పడం తేలిక.

తర్వాత మెల్చోర్ రోద్రిగెజ్ గురించి చదివాను. అరాచకవాది, రిపబ్లిక్ మనిషి. డిసెంబరులో జైళ్ల బాధ్యత తీసుకుని ఆ తరలింపులు ఆపించాడు. ఊరు పడిపోలేదు, 1939 మార్చి దాకా నిలిచింది. చంపడం అవసరమే కాదని తేలిపోయిందనుకున్నాను. కానీ ఆ వాదనా నిలవదు. అప్పటికే ఫ్రాంకో ముఖాముఖి దాడి మానుకున్నాడు. ప్రమాదం తగ్గాక చూపిన దయ అని పెద్దాయన అనగలరు.

నన్ను కదిలించినవి మరో రెండు సంగతులు. డిసెంబరు 8న మాడ్రిడ్‌కు తూర్పున ఉన్న అల్కలా పట్టణంపై బాంబులు పడ్డాక, కోపంతో రగిలిన గుంపు అక్కడి జైలు మీదికి వస్తే, మెల్చోర్ ద్వారం దగ్గర నిలబడి లోపలికి పోనివ్వలేదు. ఆ పూట అతనికి ప్రమాదం తగ్గిందని ఎవరనగలరు? ఇక రెండోది మరీ మామూలు విషయం. నవంబరులో బయల్దేరిన కొన్ని బస్సులు ఖైదీలను క్షేమంగా అల్కలాకు చేర్చాయి. అంటే ఖైదీలను యుద్ధరేఖకు దూరం చెయ్యడానికి దారి ఉంది, బస్సు ఉంది, పెట్రోలు ఉంది. లేనిది కాల్పులను ఆపే మనిషి. భయం వారిని జైలు నుంచి కదిలించమంది. చంపమన్నది భయం కాదు, ఈ సందర్భంలో ఎవరూ లెక్క అడగరన్న ధైర్యం. పెద్దాయన ప్రశ్నకు నా జవాబు ఇప్పుడిదే: ఆ బస్సులను అల్కలా దాకా పోనిచ్చేవాణ్ని.

అలాగని ఆ నవంబరును కొట్టిపారేయలేను. ఇవాళ్టికీ నేను కాసా దె కాంపో కందకాల పక్షమే. ఊరిని కాపాడినవాళ్ల పేర్లు చెప్పమంటే మియాహా, రోహోల సరసన మెల్చోర్ పేరు చెబుతాను. యుద్ధం ముగిశాక ఫ్రాంకో పాలన ఆయన్నూ జైల్లో పెట్టింది. పారాకుయెల్యోస్ ఊసెత్తకుండా మాడ్రిడ్‌ను పొగిడేవాళ్లతోనూ, పారాకుయెల్యోస్ పేరు చెప్పి మాడ్రిడ్‌ను తుడిచేసేవాళ్లతోనూ ఇకమీదట వాదిస్తాను.